భోగి మంట, వాన కాలువ, పాత పెయింటు డబ్బా

(పెద్ద తరగతుల పిల్లలకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ ఒక పాఠం)

పిల్లలూ, ముందుగా మూడు మాటలు నేర్చుకుందాం. మొదటిది కాలుష్యం. కలుషం అంటే మురికి, మలినం. దాని నుంచే కాలుష్యం అనే మాట వచ్చింది. ఉండకూడని చోట, ఉండకూడనంత చేరినది కాలుష్యం. పప్పులో ఉప్పు ఉండాలి. అదే ఉప్పు పాలలో పడితే పాలు పారబొయ్యాలి. ఉప్పుది తప్పు కాదు, పడిన చోటు తప్పు. రెండోది చట్టం. సాక్రమెంటోలో మన రాష్ట్ర శాసనసభ ఆమోదించి గవర్నరు సంతకం పెడితే అది చట్టం. మూడోది నిబంధన. "గాలి శుభ్రంగా ఉండాలి" అని చట్టం పెద్దమాట చెబుతుంది. ఏ గొట్టంలోంచి ఎంత పొగ రావచ్చు, ఎవరు కొలవాలి, తప్పితే జరిమానా ఎంత అని బోర్డులు రాసే చిన్నమాటలు నిబంధనలు. ఇంట్లో అమ్మ "గది శుభ్రంగా ఉంచుకో" అంటే చట్టం, "సాక్సులు బుట్టలో వెయ్యి" అంటే నిబంధన. ఈ పోలిక చెప్పింది మా తరగతిలో ఒక ఆరో క్లాసు అమ్మాయి. ఇంతకంటే బాగా నేను చెప్పలేను కనక అదే రాశాను.

ఇక మా ఇంటి కథ ఒకటి చెబుతాను.

2010 జనవరి. భోగి నాడు ఇంకా చీకటి ఉండగానే పిల్లల్ని లేపి, మావారూ నేనూ పెరట్లో భోగి మంట వేశాం. ఇక్కడ పిడకలు ఎక్కడ దొరుకుతాయి? ఒక కాలు విరిగిన వార్నిషు కుర్చీ, ఒక పాత షెల్ఫు పలక, నాలుగు అట్టపెట్టెలు. మంట బాగానే లేచింది. మా ఊళ్ళో వీధి మధ్య వేసే మంటలు, కాగులో వేడినీళ్ళు, తాతగారి శాలువా అన్నీ గుర్తొచ్చి మనసు నిండిపోయింది. పది నిమిషాలు కాకుండానే గేటు దగ్గర ఎవరో పిలిచారు. పక్కింటావిడ. రాత్రి బట్టల మీద కోటు వేసుకుని, చేతిలో ఇన్‌హేలరు పట్టుకుని నిలబడింది. "మా బాబుకు ఉబ్బసం. పొగ వాడి గదిలోకి వస్తోంది. దయచేసి ఆర్పేస్తారా?" అని అడిగింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నయంగా ఉండేది, మేమూ రెండు మాటలు అనుకుని ఊరుకునేవాళ్ళం. మావారు బకెట్టుతో నీళ్ళు పోశారు. తడిసిన బూడిదలోంచి ఇంకా చాలాసేపు పొగ వచ్చింది. ఆ పొగ ఎటు పోతోందో ఆ రోజే మొదటిసారి గమనించాను. పైకి పోలేదు. నేలబారుగా, కంచె మీదుగా, నెమ్మదిగా వాళ్ళ ఇంటివైపే జరిగింది.

ఎందుకు పైకి పోలేదు? మామూలుగా నేల దగ్గరి గాలి వెచ్చగా, పైన ఉన్న గాలి చల్లగా ఉంటుంది. వెచ్చటి గాలి తేలిక కాబట్టి పొగను మోసుకుని పైకి పోతుంది. చలికాలపు రాత్రుళ్ళు మన బే ఏరియాలో ఇది తలకిందులవుతుంది. నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి కిందే కూర్చుంటుంది. దాని పైన వెచ్చటి గాలి పొర గిన్నె మీద మూతలా పరుచుకుంటుంది. చుట్టూ కొండలు గిన్నె అంచులు. ఇక ఆ గిన్నెలో ఎవరు పొగ వేసినా అందరూ పీల్చాల్సిందే. పొగలో మన కంటికి కనపడేది పెద్ద ప్రమాదం కాదు, కనపడనిదే ప్రమాదం. 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నవి అయిన నలుసులు, అంటే తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళిపోతాయి. ఒక ఘనమీటరు గాలిలో ఇవి 24 గంటల సగటున 35 మైక్రోగ్రాములు దాటకూడదని దేశం మొత్తానికీ ఒక హద్దు ఉంది. 2018 నవంబరులో పారడైజ్ ఊరు తగలబడినప్పుడు ఇక్కడ బళ్ళు మూసేశారు, గుర్తుందా? అప్పుడు ఆ హద్దు ఎన్నో రెట్లు దాటింది.

భోగి మంటకు సంబంధించిన నిబంధనలు రెండు. ఇంటి చెత్త, ప్లాస్టిక్కు, రంగో వార్నిషో పూసిన చెక్క ఆరుబయట కాల్చకూడదని రాష్ట్ర వాయు వనరుల బోర్డు చేసిన నిబంధన 2004 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. వార్నిషు కాలితే వచ్చేది చెక్క పొగ మాత్రమే కాదు, విషం కూడా. రెండోది మన ప్రాంతానిది. రాష్ట్రంలో 35 వాయు జిల్లాలు ఉన్నాయి. మన జిల్లా తొమ్మిది కౌంటీలది. గాలి పాడయ్యే రోజున "స్పేర్ ది ఎయిర్" అని హెచ్చరిక ఇస్తారు. ఆ రోజు ఇంట్లో గానీ బయట గానీ కట్టెలు కాల్చడం నిషేధం. 2008లో చలికాలానికే పెట్టిన ఈ నియమాన్ని, కార్చిచ్చుల తరువాత 2019లో ఏడాది పొడుగునా వర్తించేలా మార్చారు. మేం ఆ భోగినాడు హెచ్చరిక ఉందో లేదో కూడా చూసుకోలేదు. లేకపోయినా ఆ కుర్చీ కాల్చడం తప్పే.

"అయితే పండగ మానెయ్యాలా టీచర్?" అని పిల్లలు అడుగుతారు. మానక్కర్లేదు. హెచ్చరిక లేని రోజున, ఊరి అగ్నిమాపక శాఖ ఒప్పుకున్న చోట, రంగు పూయని ఎండు కట్టెలతో చిన్న మంట వేసుకోవచ్చు. హెచ్చరిక ఉంటే మా ఇంట్లో దీపాలు పెట్టి, భోగిపళ్ళు పోసి, మంట కథ చెప్పుకుంటాం. అది మంటతో సమానం అని అబద్ధం చెప్పను. కానీ పక్కింటి బాబు దగ్గు విన్నాక నాకు ఇంకో దారి కనపడలేదు.

లాస్ ఏంజెలెస్‌లో ఒకప్పుడు చాలా ఇళ్ళ పెరట్లో చెత్త కాల్చే గూళ్ళు ఉండేవి. కాల్చుకోవడం తమ హక్కు అనుకునేవారు. అసలు ఈ రాష్ట్రపు గాలి చట్టాల కథ అక్కడే మొదలైంది. 1943 జులై 26న ఆ ఊరి మీద పొగమంచు లాంటిది కమ్ముకుని కళ్ళు మండాయి, గొంతులు పట్టేశాయి. యుద్ధకాలం కావడంతో జపాను వాళ్ళు విషవాయువు వదిలారేమో అని కొందరు హడలిపోయారు. తరువాత ఒక కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీని అనుమానించారు. దాన్ని ఆపినా పొగ తగ్గలేదు. 1947లో ఆ కౌంటీ దేశంలోనే మొదటి వాయు కాలుష్య నియంత్రణ జిల్లా పెట్టుకుంది. ఫ్యాక్టరీల పొగ తగ్గించారు, అయినా కళ్ళు మండుతూనే ఉన్నాయి.

చిక్కు విప్పినవాడు హాగెన్‌స్మిట్ అనే డచ్చి రసాయన శాస్త్రవేత్త. కాల్‌టెక్‌లో అనాసపండుకు ఆ వాసన ఎలా వస్తుందా అని పరిశోధన చేసుకునేవాడు. అనాస వాసనను పట్టిన పద్ధతిలోనే ఊరి గాలినీ పట్టి చూశాడు. కార్ల నుంచి, చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే ఆవిర్లు ఎండలో ఒకదానితో ఒకటి కలిసి ఓజోనుగా మారుతున్నాయని 1950ల మొదట్లో చూపించాడు. పైన ఆకాశంలో మనల్ని కాపాడే ఓజోనే నేలమీద ఉంటే రబ్బరును కూడా పగలగొడుతుంది. మన ఊపిరితిత్తులు రబ్బరు కంటే మెత్తన కదా! అంటే ఊరికి పట్టిన దయ్యం ఎక్కడో లేదు, ప్రతివాడి కారు గొట్టంలోనే ఉంది. ఈ మాట కార్ల కంపెనీలకూ నచ్చలేదు, జనానికీ నచ్చలేదు. అయినా 1957లో పెరటి గూళ్ళు నిషేధించారు. 1966 మోడలు కార్లకు దేశంలో మొట్టమొదటి పొగ హద్దులు కాలిఫోర్నియా పెట్టింది. 1967లో రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షుడు ఆ అనాసపండు శాస్త్రవేత్తే.

1984 నుంచి స్మాగ్ చెక్ వచ్చింది. మీ నాన్నగారు పాత కారును రెండేళ్ళకోసారి తీసుకెళ్ళి, పాసయ్యేదాకా దిగులుగా కూర్చునేది అందుకే. పెట్రోలు కారు మోడలుకు ఎనిమిదేళ్ళు దాటేదాకా ఆ పరీక్ష ఉండదు, కొంత రుసుము కడితే చాలు. కార్ల పొగ మీద దేశం కంటే గట్టి హద్దులు పెట్టుకోవడానికి మన రాష్ట్రానికి 1967 నుంచి ప్రత్యేకమైన వెసులుబాటు ఉంటూ వచ్చింది. 2025లో కాంగ్రెసు వాటిలో కొన్ని అనుమతులను రద్దు చేస్తే, రాష్ట్రం కోర్టుకు వెళ్ళింది. చట్టం అంటే ఒకసారి రాసి అటక మీద పెట్టేది కాదని ఇందుకే చెబుతున్నాను.

నీళ్ళ సంగతి

మీ ఇంటి ముందు కాలిబాట అంచున ఇనుప జల్లెడ ఉంటుంది చూడండి. వంటింటి సింకులో పోసిన నీళ్ళూ, ఆ జల్లెడలో పోసిన నీళ్ళూ ఒకచోటికే పోతాయని మా తరగతిలో చాలామంది అనుకున్నారు. పిల్లలే కాదు, అడిగి చూస్తే పెద్దవాళ్ళూ అంతే. నిజానికి రెండూ వేరు గొట్టాలు. సింకు నీళ్ళు మురుగు గొట్టంలో పోతాయి. శాన్ హోసే వాళ్ళవి అల్విసో దగ్గరి శుద్ధి కేంద్రానికి చేరి, శుభ్రపడి, తరువాతే బేలో కలుస్తాయి. జల్లెడలోకి పోయే నీళ్ళను శుద్ధి చేసేవారు ఎవరూ లేరు. అది వాన కాలువ. అందులో పడింది పడినట్టే గ్వాడలూపే నదికో కొయోటీ క్రీకుకో పోయి బేలో తేలుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో మాత్రం చాలాచోట్ల రెండూ ఒకే గొట్టం. పెద్దవాన కురిస్తే అక్కడి తిప్పలు అక్కడా ఉన్నాయి.

ఇది తెలిస్తే చాలా నిబంధనలు వాటంతట అవే అర్థమవుతాయి. డ్రైవ్‌వేలో కారు కడిగి సబ్బునీళ్ళు వీధిలోకి వదలకూడదు. గడ్డి మీద కడగండి, లేదా కార్ వాష్‌కు తీసుకెళ్ళండి. గోడలకు రంగు వేశాక బ్రష్షులు వీధిలో కడగకూడదు. దీపావళికి గారెలు, అరిసెలు వేయించిన నూనె జల్లెడలోనూ పొయ్యకూడదు, సింకులోనూ పొయ్యకూడదు. గొట్టంలో గడ్డకట్టి వీధిలో ఎవరి బాత్‌రూములోకో మురుగు ఎదురు తన్నుతుంది.

వినాయకుడి సంగతీ ఇక్కడే చెప్పాలి. రంగులేసిన ప్లాస్టర్ బొమ్మను క్రీకులో వదలడం భక్తే కావచ్చు, కానీ అనుమతి లేకుండా నీటిలో వ్యర్థం వదలడమే అవుతుంది. ప్లాస్టర్ కరగదు, రంగుల్లోని లోహాలు చేపల్లోకి వెళతాయి. మట్టి బొమ్మ చేసి ఇంట్లో తొట్టెలోనో బకెట్టులోనో నిమజ్జనం చేసి, ఆ మట్టిని తులసి కుండీలో వేసుకుంటే ఏ చట్టంతోనూ పేచీ లేదు. ఇది అమెరికా వాళ్ళ పట్టింపు అనుకోకండి. భారతదేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విగ్రహాల నిమజ్జనానికి 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో వాటిని సవరించి ప్లాస్టర్ విగ్రహాలు వద్దని చెప్పింది.

మన రాష్ట్రపు నీటి చట్టం 1969లో వచ్చింది. దాన్ని తెచ్చిన ఇద్దరు శాసనసభ్యుల పేర్ల మీద పోర్టర్-కొలోన్ చట్టం అంటారు. మూడేళ్ళ తరువాత వచ్చిన దేశపు నీటి చట్టానికి ఇది కొంతవరకు నమూనా. దీని కింద తొమ్మిది ప్రాంతీయ నీటి బోర్డులు ఉన్నాయి. అందులో నాకు నచ్చింది ఒకటుంది. ఆ బోర్డుల హద్దులు కౌంటీల గీతల వెంట గీయలేదు, వాన పడితే నీళ్ళు ఎటు పారతాయో దాన్నిబట్టి గీశారు. నీళ్ళకు మన గీతలు తెలియవు కదా.

అయితే చట్టం ఉన్నంత మాత్రాన అన్నీ కనపడవు. ఇది మనలో చాలామంది అమ్మానాన్నలు పనిచేసే పరిశ్రమ కథ కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. చిప్పులు చేసే ఫ్యాక్టరీలు వచ్చిన కొత్తలో పొగగొట్టాలు లేవు కనక అది శుభ్రమైన పరిశ్రమ అని అందరూ మెచ్చుకున్నారు. చిప్పులు కడగడానికి వాడే ద్రావకాలను నేలలో పాతిన ట్యాంకుల్లో నిలవ చేసేవారు. 1981 డిసెంబరులో దక్షిణ శాన్ హోసేలో ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ ట్యాంకు ఒకటి కారుతోందని బయటపడింది. ట్రైక్లోరోఈథేన్ అనే ద్రావకం భూమిలోకి ఇంకి, పక్కన లాస్ పసియోస్ కాలనీకి నీళ్ళిచ్చే బావిదాకా చేరింది. బావి మూసేశారు. తమ వీధుల్లో గర్భస్రావాలు, పుట్టు లోపాలు ఎక్కువగా ఉన్నాయేమిటని అక్కడి తల్లులు అడగడం మొదలుపెట్టారు. రాష్ట్ర ఆరోగ్య శాఖ చేసిన అధ్యయనంలో అవి ఆ కాలనీలో ఎక్కువగానే ఉన్నట్టు తేలింది, కానీ ఆ నీళ్ళ వల్లనే అని తేల్చి చెప్పలేకపోయారు. అలా చెప్పలేకపోవడం ఆ తల్లులకు ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు ఆలోచించాను.

వెతికితే ఇంకా చాలా ట్యాంకులు కారుతున్నాయని తెలిసింది. శాంటా క్లారా కౌంటీలో దేశప్రభుత్వం శుభ్రం చేయించాల్సిన కలుషిత స్థలాలు ఇరవైకి పైగా ఉన్నాయి, దేశంలో ఇంకే కౌంటీలోనూ అన్ని లేవు. 1983లో రాష్ట్రం భూగర్భ ట్యాంకుల చట్టం చేసింది. కొత్త ట్యాంకులకు రెండు గోడలు ఉండాలి, లోపలి గోడ కారితే వెంటనే తెలిసే ఏర్పాటు ఉండాలి. మరుసటి ఏడాది దేశం కూడా అదే దారి పట్టింది. మిగిలిన ఒంటిగోడ ట్యాంకులు 2025 డిసెంబరు 31 లోగా మూసెయ్యాలని 2014లో ఇంకో చట్టం వచ్చింది. ఈసారి మీ నాన్నగారు గ్యాస్ పోయిస్తుంటే, మీ కాళ్ళ కింద ఉన్న ఆ రెండో గోడను తలుచుకోండి. అది ఆ కాలనీ వాళ్ళు అడిగిన ప్రశ్నల వల్ల వచ్చింది.

ఈ పాఠం చెప్పిన రోజున పార్కింగ్ లాటులో ఒక నాన్నగారు "ఇక్కడ రూల్స్ ఉన్నాయండీ, మన దేశంలో అసలు రూల్సే లేవు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. భారతదేశంలో నీటి చట్టం 1974లో, గాలి చట్టం 1981లో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 1976 నుంచి ఉంది, తెలంగాణ మండలి 2014లో వేరుపడింది. హైదరాబాదు వాళ్ళకు గండిపేట నీళ్ళంటే ఎంత గొప్పో చెప్పక్కర్లేదు. ఆ గండిపేట, హిమాయత్ సాగర్ చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్యం చేసే పరిశ్రమలు పెట్టకూడదని 1996లో 111 నంబరు జీవో వచ్చింది. ఆ లోపల ఆముదం నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ ఒకటి పెట్టబోతే మండలి కాదంది, వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. హాని జరగదని రుజువు చేయాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాడే గాని నీళ్ళు తాగేవాడు కాదని 1999లో కోర్టు చెప్పింది. లాస్ పసియోస్ తల్లులకు ఇలాంటి మాట ఎంత అక్కరకొచ్చేదో! అయితే 2022లో తెలంగాణ ప్రభుత్వం 111 ఆంక్షలను ఎత్తేస్తూ 69 నంబరు జీవో ఇచ్చింది. అంటే అక్కడ కొరత రూల్స్‌ది కాదు, వాటిని నిలబెట్టుకోవడానిది. ఆ నాన్నగారు కాసేపు ఆలోచించి "మా మేనమామది పటాన్‌చెరు దగ్గరే" అని ఊరుకున్నారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్ళ గురించి ఆయనకు నాకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది.

ఇక చెత్త

భోగి అంటేనే పాతవి వదిలించుకోవడం. వదిలించుకున్నది ఎక్కడికి పోవాలన్నదే ప్రశ్న. 1989 చట్టంతో చెత్తలో సగాన్ని 2000 నాటికి గోతికి పోకుండా తప్పించాలని ఊళ్ళకు లెక్క పెట్టారు. 2022 జనవరి నుంచి కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, ఎండుటాకులు కూడా వేరుగా సేకరించాలి. ఎందుకంటే గోతిలో గాలి తగలకుండా కుళ్ళితే మీథేన్ పుడుతుంది, అది భూమిని వేడెక్కిస్తుంది. మా అమ్మ ఫోనులో ఇది విని "కుడితి తొట్టికి చట్టం కావాల్సొచ్చిందా!" అని నవ్వింది. సోడా సీసా కొంటే 5 సెంట్లు, 24 ఔన్సులు గానీ అంతకంటే పెద్దది గానీ అయితే 10 సెంట్లు అదనంగా కడతాం, ఖాళీ సీసా తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. ఇది 1986 చట్టం. పిల్లలు మొదట అర్థం చేసుకునే చట్టం ఇదే.

బ్యాటరీలు, ట్యూబులైట్లు 2006 నుంచి మామూలు చెత్తలో వెయ్యకూడదు. పాత టీవీలు, కంప్యూటరు తెరలు అసలే వెయ్యకూడదు; కొత్త తెర కొన్నప్పుడే వాటి ఖర్చుకు రుసుము కట్టించుకుంటారు. మిగిలిపోయిన పెయింటు చాలా పెయింటు దుకాణాల్లో ఊరికే తీసుకుంటారు. పురుగుల మందులు, ద్రావకాలు కౌంటీ వారి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి, ముందుగా అపాయింట్‌మెంట్ పెట్టుకుని తీసుకెళ్ళాలి. మా గరాజులో ఒక పెయింటు డబ్బా ఇల్లు కొన్ననాటి నుంచీ ఉండేది. భోగికి ముందు శనివారం దాన్నీ, ఒక షూ పెట్టెడు బ్యాటరీలనూ అలా పంపించాం. అది మా ఇంట్లో ఇప్పుడు భోగి పనుల్లో ఒకటి.

ఇంటి పని: మీ ఇంటికి దగ్గరలోని వాన కాలువ దగ్గరకు అమ్మతోనో నాన్నతోనో వెళ్ళి, దాని పక్కన ఏం రాసి ఉందో చదివి తెలుగులోకి మార్చుకు రండి. మా తరగతిలో "నో డంపింగ్, ఫ్లోస్ టు బే" అన్నదానికి చాలా తర్జుమాలు వచ్చాయి. బేకు తెలుగేమిటని పెద్ద తగువు జరిగింది. చివరికి వెనక బెంచీలో ఒక అబ్బాయి, వాళ్ళ తాతయ్యది మచిలీపట్నం, చెయ్యెత్తి "బే ఆఫ్ బెంగాల్‌ని మా తాతయ్య బంగాళాఖాతం అంటారు, అయితే ఇది అఖాతమే కదా టీచర్?" అన్నాడు. అందరం కలిసి బోర్డు మీద ఇలా రాసుకున్నాం: "ఇక్కడ ఏమీ పారబొయ్యకండి, ఇది మన అఖాతంలోకి పోతుంది." 'మన' అన్న మాట ఇంగ్లీషులో లేదని ఒక అమ్మాయి గుర్తుచేసింది. ఉంచుదామా తీసేద్దామా అని ఓటు పెట్టాం. ఉంచారు.